గుండు మీద తీసిన కొలత

పూజ్యులైన అత్తయ్య గారికి,

మీ అల్లుడు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ ముగ్గురమూ బాగానే ఉన్నాం. మీ మనవరాలికి ముందు పన్ను ఊడింది, మీ అమ్మాయికి జలుబు తగ్గింది, నాకు కోపం తప్ప మరే జబ్బూ లేదు. అక్కడ మీరూ క్షేమమని తలుస్తాను అని రాయడం వాడుక. మీ ఉత్తరం చదివాక ఆ మాట రాయడానికి చెయ్యి రాలేదు. అందుకని వదిలేస్తున్నాను, తప్పుగా అనుకోకండి.

ఉత్తరం వచ్చిన రోజు మీ అమ్మాయి గుమ్మం దగ్గరే చింపి చదివింది. మీరు ఫోన్ ఎత్తడం మానేశాక మీ చేతిరాత కనపడటమే ఆమెకు పెద్ద సంబరం. చదువుతూ చదువుతూ అక్కడే కూర్చుండిపోయింది. తర్వాత కాగితం నా చేతికిచ్చి లోపలికి వెళ్ళింది. "అయస్కాంతం వైద్యం అయిపోయింది. పని చేయలేదు. మీలాంటివాళ్ళు కొందరుంటారమ్మా అని డాక్టరుగారు చెప్పారు. నా తల మొండిదని నాకు ముందే తెలుసు. ఇక ఏ వైద్యమూ వద్దు, నన్నిలా పడుకోనివ్వండి" అని రాశారు మీరు.

అత్తయ్యా, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. మీ మీద కాదు. "మీలాంటివాళ్ళు కొందరుంటారు" అన్న ఆ మాట మీద. ఎంత సులువుగా అనేశారు! వైద్యం చేసినవాళ్ళు చేతులు దులుపుకున్నారు, యంత్రం తప్పేమీ లేదు, తప్పంతా మీ తలది. మీరు కూడా తలూపి ఒప్పేసుకున్నారు. ఆటస్థలంలో ఈల ఊదితే అయిదొందలమంది పిల్లలు ఒక్కసారిగా నిటారుగా నిలబడేవారే, ఆ డ్రిల్లు టీచరేనా ఇంత మాట పడి ఊరుకున్నది? మావయ్యగారు పోయినప్పుడు కూడా నెల తిరక్కుండా మెడలో ఈల వేసుకుని బడికి వెళ్ళిన మనిషి మీరు. అలాంటిది ఏ కష్టమూ రాకుండానే ఒకరోజు మంచం మీంచి లేవాలనిపించలేదన్నారు. తర్వాత తినాలనిపించలేదన్నారు. దిగులు జబ్బుకని మాత్రలు మార్చి మార్చి మింగారు. చివరికి ఈ వైద్యం మీద గంపెడాశ పెట్టుకుని వెళ్ళారు. మీరు వెళ్ళడమే మాకు ఆశ్చర్యం. అలా వెళ్ళిన మనిషిని ఇంత తేలిగ్గా ఇంటికి పంపేశారంటే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

ఉత్తరంలో మూడు ప్రశ్నలు అడిగారు. వాటికి జవాబులిస్తూ నా కోపానికి కారణం కూడా చెబుతాను. మొదటిది: "నా కొప్పు ఎత్తెంతో, చుట్టుకొలత ఎంతో రాసి పంపమన్నారేమిటి అల్లుడుగారూ, టోపీ కుట్టిస్తారా?" ఉత్తరం మొత్తంలో మీ పాత గొంతు నాకు వినపడింది ఆ ఒక్క వాక్యంలోనే. రెండోది, నా ఉద్యోగం ఎలా ఉందని. మూడోది, మీ అమ్మాయి ఫోటోలు పంపడం ఎందుకు మానేసిందని. మూడో ప్రశ్నకి జవాబు చివర్లో రాస్తాను. ముందే రాస్తే మిగతా ఉత్తరం చదవకుండా మడిచి పక్కన పెట్టేస్తారేమోనని భయం.

మీ చుట్టాలందరికీ నన్ను "మా అల్లుడు, ఏదో కొలుస్తాడులే" అని పరిచయం చేసేవారు గుర్తుందా? ఆ ఏదో ఏమిటో ఇన్నేళ్ళూ మీరు అడగలేదు, నేను చెప్పలేదు. ఈ ఏడాది కొలిచింది మాత్రం మీ తల మీద పెట్టిన వస్తువునే. ఎనిమిది అంకెలా ఉండి, పిడి ఉన్న ఆ తీగచుట్టను చూశారు కదా, టకటకమని చప్పుడు చేసేది. దాంట్లోంచి పుట్టే అయస్కాంత శక్తి ఎముక దాటి మెదడులోకి వెళ్ళి, మందకొడిగా ఉన్న ఒకానొక చోటుని తట్టి లేపాలి. ఆ చోటు ఎడమ నుదుటికి పైన, బొటనవేలి కొసంత ఉంటుంది. గురి కాస్త పక్కకి జరిగితే తట్టేది పక్కవాడి తలుపే. తీగచుట్ట కాస్త పైకి లేచినా చాలు, శక్తి దారిలోనే చచ్చిపోతుంది.

గురి తప్పకుండా ఉండటానికి ఇప్పుడు కొత్తగా కెమెరా పెట్టారు. మీ నుదుటికి పట్టీ కట్టి, దాని మీద మెరిసే గోళీల్లాంటివి పెట్టారు కదా, తీగచుట్టకి కూడా అలాంటివే ఉంటాయి. కెమెరా ఆ గోళీలను చూసి లెక్కలు కట్టి, తెర మీద తల బొమ్మ గీస్తుంది. తీగచుట్ట సరైన చోట ఉంటే పచ్చచుక్క, జరిగితే ఎర్రచుక్క. ఆ పచ్చచుక్క నిజం చెబుతోందా లేదా అని చూడటమే మా పని. మీ ఊళ్ళో ఉన్నదీ, పరీక్ష కోసం మా బల్ల మీదికి వచ్చినదీ ఒకే రకం.

మరి నిజమో కాదో ఎలా తెలుస్తుంది? మనిషి తల తెరిచి చూడలేం కాబట్టి మా దగ్గర ప్లాస్టిక్ తల ఒకటుంది. లోపల ఉప్పునీళ్ళు, ఆ నీళ్ళలో శక్తిని పసిగట్టే సన్నటి తీగలు. నున్నగా, నిగనిగలాడుతూ ఉంటుంది. మేమంతా దాన్ని గుండుగారు అంటాం. పొద్దున వస్తూనే గుండుగారికి నమస్కారం పెట్టి కుర్చీల్లో కూర్చోవడం మాకు అలవాటు. ఆ గుండుగారి మీద తీగచుట్ట పెట్టి, తెర ఏమంటోంది, లోపలి తీగలు ఏమంటున్నాయి అని పోల్చి చూస్తాం. రెండు మిల్లీమీటర్లకు మించి తేడా రాలేదు. అందరం భుజాలు తట్టుకున్నాం.

సరిగ్గా అప్పుడే, మీకు వైద్యం జరుగుతున్న రోజుల్లో, మీ అమ్మాయికి ఒక ఉత్తరం రాశారు. "ఆ చక్రం నా కొప్పు మీదికెక్కి ఊగుతోందే అమ్మాయ్. తలకి తగలడం లేదు బాబూ అంటే, ఆ కుర్రాడు తెర చూపించి, పచ్చచుక్క వెలుగుతోంది మేడమ్, మీరు కదలకండి అంటాడు" అని. చదివి పడీపడీ నవ్వాను. డ్రిల్లు టీచరునే కదలకండి అని కసిరినవాడు పుట్టాడన్నమాట అని మీ అమ్మాయిని ఏడిపించాను కూడా.

మర్నాడు ప్రయోగశాలలోకి అడుగుపెట్టి, అలవాటు ప్రకారం గుండుగారికి నమస్కారం పెట్టబోయి ఆగిపోయాను. గుండు! మీ కొప్పు నాకు తెలుసు. నెత్తిన కాస్త ముందుకి, ఎత్తుగా, పిడికిళ్ళు రెండు కలిపినంత. పరుగు పందెంలో కూడా జారని కొప్పని మీ బడి అంతా చెప్పుకునేవారట. దాని పక్కన జానెడు వెడల్పున్న తీగచుట్ట పెడితే ఒక రెక్క కొప్పు మీదికెక్కుతుంది. రెండో రెక్క గాలిలో నిలబడుతుంది. నడుమ భాగం తలకి ఆనదు. ఇంత చిన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. మాకు తల అంటే గుండే. మనుషుల మీద కూడా కొలిచాం మరి, వాళ్ళ మాటేమిటి అనుకున్నాను. గోడ మీద ప్రకటన అలాగే ఉంది. "కొలతల కోసం మనుషులు కావలెను. జుట్టు పొట్టిగా ఉన్నవారే రావలెను. లేనిచో పట్టీ జారును." ఆ కాగితం ముందు నిలబడే నేను రోజూ టీ తాగేవాణ్ణి.

అదే పూట మీ ఆసుపత్రికి ఫోన్ చేశాను. సంగతి వివరంగా చెప్పి, ఆవిడ కొప్పు విప్పించి మళ్ళీ చూడండి అన్నాను.

"మీరెవరండీ?" అన్నాడు అవతల మనిషి.

"అల్లుణ్ణి."

"అల్లుళ్ళు చెప్పారని వైద్యం మార్చలేమండీ. తెర మీద పచ్చగానే వస్తోంది. డాక్టరుగారికి చెబుతాలెండి."

చెప్పాడో లేదో దేవుడికే తెలియాలి. మీకు ఫోన్ చేస్తే మీరు ఎత్తరు. అందుకే కొప్పు కొలత పంపమని ఆ ఉత్తరం రాశాను. అల్లుడు అత్తగారి కొప్పు కొలత అడగడమేమిటని రాసేటప్పుడు సిగ్గేసింది కానీ, వేరే దారి తోచలేదు.

ఇక మా పెద్దాయన సంగతి. మా విభాగానికి ఆయనే అధికారి. ఏ అంకె చెప్పినా "దశాంశం తర్వాత?" అంటారు కాబట్టి మేం ఆయన్ని దశాంశం గారంటాం. చెడ్డవాడు కాదు. ఎవరింట్లో కష్టం వచ్చినా ముందు వచ్చి నిలబడతారు. కానీ ఆయనకి అంకె అందంగా ఉండాలి. నేను వెళ్ళి గుండుకి జుట్టు పెట్టి కొలుద్దామన్నాను.

"జుట్టా?" అన్నారు, కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ. "జుట్టు ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుందయ్యా. దాన్ని పెడితే అంకె నిలవదు."

"నిలవదనే కదండీ కొలవాలంటున్నాను."

"అసలు అంత కొప్పు ఈ రోజుల్లో ఎంతమందికి ఉంటుంది?"

"మీ అమ్మగారికి ఉండేది కాదాండీ?"

ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. తర్వాత, "సరే, ఒకసారి చూడు. పని గంటల తర్వాత" అన్నారు. అదే గొప్ప వరంలా బయటికి వచ్చాను. నాటకాలకి సామాన్లు అద్దెకిచ్చే కొట్టులో ఒక విగ్గు దొరికింది. ఏ రాణివేషానికి వాడారో ఏమో, గుండుగారికి పెడితే ఆఫీసంతా వచ్చి చూసి నవ్విపోయారు. తెర పచ్చగానే ఉంది. లోపలి తీగల దగ్గర మాత్రం శక్తి పడిపోయింది. పరుగెత్తుకెళ్ళి దశాంశం గారికి చూపిస్తే పెదవి విరిచారు. "ఇది నైలాను దారం. అడుగున అట్ట కూడా ఉంది. నాటకాల జుట్టుతో శాస్త్రం చేస్తావా?" అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది, ఎందుకంటే ఆ మాట మటుకు న్యాయమైనదే.

తర్వాతి వారం నిజమైన జుట్టుతో చేశాను. పల్చటి బట్ట మీద కుట్టించి, మీ కొప్పులాగే కొప్పు కట్టించి, గుండుగారి తలకి తొడిగాం. పద్ధతి ప్రకారం ముందు సూదిలాంటి పుల్లతో తల మీద అక్కడక్కడా తాకి, తల ఇంత ఉంది అని కెమెరాకి చెప్పాలి. మీకూ చేసే ఉంటారు. ఆ పుల్ల చర్మాన్ని తాకాలి. జుట్టున్న చోట జుట్టునే తాకింది. పాపం యంత్రానికేం తెలుసు, జుట్టునే తల అనుకుంది. ఇక ఆ తర్వాత తీగచుట్ట జుట్టు మీద తేలుతున్నా, ఒక పక్కకి ఒరిగినా, దాని దృష్టిలో తల మీద ఉన్నట్టే. పచ్చచుక్క నిమ్మకు నీరెత్తినట్టు వెలుగుతూనే ఉంది. లోపల చూస్తే శక్తి సగానికి సగం లేదు. ఆ ఉన్న సగం కూడా బొటనవేలి వెడల్పంత పక్కకి పడుతోంది. మళ్ళీ చేశాను. కొప్పు విప్పి, జుట్టు పాయలు తీసి, పుల్ల అడుగుదాకా తాకించి చేశాను. వెంటనే గురి కుదిరింది, శక్తి వచ్చింది. మళ్ళీ కొప్పు కట్టి చేశాను. మళ్ళీ పోయింది.

ఆ రోజు మా దగ్గరికి సలహా కోసం వచ్చే డాక్టరమ్మ కూడా ఉన్నారు. ఇదే వైద్యం ఈ ఊళ్ళో ఆవిడ చాలాకాలంగా చేస్తున్నారు. తెర వంకా, లోపలి అంకెల వంకా మార్చి మార్చి చూశారు.

"మీ మీద పనిచేయలేదమ్మా అని నేను ఎంతమందికి చెప్పానో" అన్నారు మెల్లగా. "వాళ్ళంతా నమ్మి ఇళ్ళకి వెళ్ళిపోయారండీ."

అత్తయ్యా, ఇప్పుడర్థమైందా నా కోపం? "మీలాంటివాళ్ళు కొందరుంటారు" అన్నారే, ఆ కొందరిలో ఎంతమందికి కొప్పులున్నాయో, జడలున్నాయో, ఒత్తయిన ఉంగరాల జుట్టుందో ఎవరైనా చూశారా? ఎవరూ చూడలేదు. మీరు మొదటి వారంలోనే నోరు తెరిచి చెప్పారు, తలకి తగలడం లేదు బాబూ అని. తల మీది, తగలనిది మీకు. అయినా మీ మాట పనికిరాలేదు, తెర మాట పనికొచ్చింది. ఆ కుర్రాణ్ణి నేనేమీ అనను, వాడికి పచ్చచుక్కని నమ్మమనే నేర్పారు. నేర్పినవాళ్ళని, ఆ చుక్క నిజమే చెబుతుందని ముద్ర వేయబోయిన మమ్మల్ని అనాలి.

ఇక రెండో ప్రశ్నకి జవాబు. నివేదిక ఖరారు చేయడానికి అందరం కూర్చున్నాం. దశాంశం గారు చదివి వినిపించారు. తేడా రెండు మిల్లీమీటర్ల లోపు, దశాంశం తర్వాత మరో అంకెతో సహా. జుట్టు ఊసే లేదు.

"జుట్టు కొలతలు ఎక్కడండీ?" అన్నాను.

"అవి వేరే అధ్యయనమయ్యా. వచ్చే ఏడాది తీరిగ్గా చేద్దాం."

"వచ్చే ఏడాదిదాకా ఆడవాళ్ళంతా ఆగుతారాండీ? పోనీ, ఒక్క వాక్యం రాయండి. ఈ కొలతలు బోడితల మీద తీసినవి అని. అంతే."

"అలా రాస్తే చదివినవాళ్ళు నవ్విపోతారయ్యా."

"నవ్వనివ్వండి. మా అత్తగారు మంచం పట్టి రెండేళ్ళయింది. ఆవిడ నవ్వడం లేదు."

సొంత ఇంటి సంగతి ఆఫీసు బల్ల మీద పెట్టానని కొందరు తలలు దించుకున్నారు. దశాంశం గారు కలం మూత తీశారు. "మనసులో పెట్టుకోకు, సంతకం పెట్టు" అంటూ కాగితం నా ముందుకి జరిపారు. పెట్టాను. కాకపోతే సంతకం పైన నా చేత్తో ఆ వాక్యం రాసి పెట్టాను: కొలిచినది బోడితల మీద, కొప్పు ఉన్న తల మీద పచ్చచుక్కను నమ్మరాదు. కాగితం ఆయన చేతికిచ్చి, నమస్కారం పెట్టి బయటికి వచ్చాను.

అందువల్ల మీ అల్లుడు ఇప్పుడు తల కొలిచే పనిలో లేడు. తూకపురాళ్ళ విభాగంలో ఉన్నాడు. కొట్లలోంచి వచ్చిన రాళ్ళు సరైన బరువున్నాయో లేదో చూసి పంపడం నా పని. మీ చుట్టాలు అడిగితే ఇకమీదట "ఏదో తూస్తాడులే" అని చెప్పండి. జీతం తగ్గలేదు, దిగులు పడకండి. అయితే నివేదిక సంగతి తేలలేదు. నేను రాసిన వాక్యం ఉంచాలా, కొట్టేయాలా అని పైవాళ్ళు తర్జనభర్జన పడుతున్నారట. డాక్టరమ్మ మాత్రం ఎవరి కోసమూ ఆగలేదు. తన దగ్గర కొప్పులు విప్పించి, పాయలు తీసి, మొదటినుంచి గురి చూడటం మొదలుపెట్టారు. పాతవాళ్ళని పేరుపేరునా పిలిపిస్తున్నారు. తనకు తెలిసిన వైద్యులందరికీ ఫోన్లు చేసి చెబుతున్నారు. కొందరు విన్నారట, కొందరు కస్సుమన్నారట.

ఇక మూడో ప్రశ్న. ఎంత వాయిదా వేసినా రాయక తప్పదు. ముందు కాస్త మంచినీళ్ళు తాగండి.

ఆ నిజమైన జుట్టు మీ అమ్మాయిది.

నేను అడగలేదు. మీ మీద ఒట్టు. నాటకాల విగ్గు సంగతి చెప్పి, తెల్లమొహం వేసుకుని కూర్చుంటే ఆమె విన్నది. ఆదివారం మధ్యాహ్నం అద్దం ముందు కూర్చుని జడ అల్లుకుంటోంది. అల్లడం పూర్తయ్యాక కత్తెర నా చేతికిచ్చింది. మెడ దగ్గర వేలు పెట్టి చూపించి, "ఇక్కడికి కత్తిరించండి" అంది.

"నీకేమైనా పిచ్చా?" అన్నాను.

"అమ్మ జుట్టూ నా జుట్టూ ఒకటే రకం. ముట్టుకుంటే తేడా తెలీదు. మీ పెద్దాయన దీన్ని నైలాను అనలేడు కదా?"

"అమ్మకి తెలిస్తే?"

"తిడుతుంది." అద్దంలోంచే నా వంక చూసింది. "తిట్టనివ్వండి. అమ్మ నన్ను తిట్టి ఎన్నాళ్ళయిందో!"

కత్తిరించాను అత్తయ్యా. చెయ్యి రాక రెండుసార్లు కత్తెర కింద పెట్టాను. చిన్నప్పటినుంచి మీరు రోజూ మోకాళ్ళ మధ్య కూర్చోబెట్టుకుని, చిక్కు తీసి, ఏడిస్తే నెత్తిన ఒక్కటిచ్చి అల్లిన జుట్టు అది. జడ కత్తిరిస్తున్నంతసేపూ ఆమె ఏడవలేదు. ఆ తర్వాత అలవాటుగా జడ ముందుకి వేసుకోబోయి, అక్కడ ఏమీ లేకపోతే అప్పుడు ఏడ్చింది. గుండుగారికి కొప్పు కట్టింది కూడా ఆమే. ప్రయోగశాలకి వచ్చి, మీరెలా మెలితిప్పుతారో అలాగే తిప్పి, పిన్నులు నోట్లో పెట్టుకుని ఒక్కొక్కటీ గుచ్చింది. ఎవరూ నవ్వలేదు. అందుకే ఫోటోలు పంపడం లేదు. ఇప్పుడు జుట్టు భుజాలదాకా పెరిగింది. బాగానే ఉందని నేనంటాను. మీరేమంటారో మీరు చూసి చెప్పాలి.

మీకు ఎంత కోపం వస్తే అంతా నా మీద చూపించండి. అల్లుణ్ణని మొహమాటపడకండి. కానీ ఆ కోపం పూర్తయ్యాక ఈ కింది మాటలు నిదానంగా చదవండి.

ఈ వైద్యం మీకు నయం చేస్తుందని నేను రాయను. అది నాకు తెలియదు, డాక్టరమ్మ కూడా మాటివ్వలేదు. గురి కుదిరినా కొందరికి పనిచేయదట. నాకు తెలిసింది ఒక్కటే, అదైనా నా కళ్ళతో చూశాను కాబట్టి రాస్తున్నాను: ఇన్నాళ్ళూ మీకు జరిగింది వైద్యమే కాదు. మీరు రోజూ తయారై, అంత ఓపిక లేకపోయినా ఆ కుర్చీదాకా నడిచి, చప్పుడు భరించి, కదలకుండా కూర్చున్నారు. చేయవలసిందంతా మీరు చేశారు. అవతలివాళ్ళు తమ వంతు చేయలేదు. చేయకపోగా తప్పు మీ మీదికి నెట్టారు. మీరేమో ఆ తప్పు నెత్తిన పెట్టుకుని మళ్ళీ మంచమెక్కారు. ఇది అన్యాయం అత్తయ్యా. దీనికి కోపం రావాల్సింది నాకంటే ముందు మీకు.

మళ్ళీ వెళ్ళి మళ్ళీ ఓడిపోతే ఏ మొహం పెట్టుకోవాలి అని మీకు అనిపిస్తుంది. మీ అమ్మాయి అదే అంది, "అమ్మకి ఓడిపోవడం కంటే నలుగురూ జాలిపడటం కష్టం" అని. ఈసారి పనిచేయకపోతే మేం మీ మీద జాలిపడం. ముగ్గురం కలిసి కూర్చుని యంత్రాన్ని తిట్టుకుందాం. ఆ తర్వాత మరో దారి వెతుకుదాం. మీరు పడుకోవాలంటే మా ఇంట్లో కూడా మంచాలున్నాయి.

డాక్టరమ్మతో మాట్లాడాను. మీరు ఎప్పుడు సరేనంటే అప్పుడు మొదటినుంచి మొదలుపెడతారు. ఒక్కటే ఇబ్బంది. కొప్పు విప్పాలి. పరాయివాళ్ళ ముందు మీరు జుట్టు విప్పరని నాకు తెలుసు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా మీ జుట్టు విప్పి ఉండగా నేను ఒక్కసారీ చూడలేదు, చూడాలనీ లేదు. అది కూడా ఆవిడతో చెప్పాను. ఆ గదిలో మగవాళ్ళెవరూ ఉండరు. కొప్పు మీ అమ్మాయి విప్పుతుంది, పాయలు మీ అమ్మాయి తీస్తుంది, అయ్యాక చిక్కు లేకుండా దువ్వి మళ్ళీ ఆమే కడుతుంది. ఎక్కడ తగులుతోంది, ఎక్కడ తగలడం లేదు అని డాక్టరమ్మ మిమ్మల్ని అడుగుతూ గురి చూస్తారు.

నేను తలుపు బయట బల్ల మీద కూర్చుంటాను. మీరు బయటికి వచ్చాక, లోపల తెర ఏం చెప్పిందని ఎవరినీ అడగను. మీకు తగిలిందా అని మిమ్మల్నే అడుగుతాను.

ఇట్లు,
మీ రాక కోసం, మీ తిట్ల కోసం కూడా ఎదురుచూస్తున్న
మీ అల్లుడు